బాస్క్: నెత్తుటి స్నానం నుంచి నీరెండ దాకా

చలికాలం రాగానే ఎండ చుట్టూ, చలిమంట చుట్టూ మాటలు మొదలవుతాయి. ఈసారి పాఠకులు పంపిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే ఇంగ్లీషు క్రియ గురించి: ‘బాస్క్’. వెచ్చదనంలో హాయిగా సేదతీరడం అని దాని అర్థం. ప్రశ్నలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి ఈ సంచిక మొత్తం ఆ మాటకే కేటాయించాం.

ప్రశ్న: ‘బాస్కింగ్ ఇన్ ద సన్’ అంటే ఎండ కాచుకోవడం అని నిఘంటువులో ఉంది. మాటలో సూర్యుడి జాడే లేదు కదా, ఎండ అనే అర్థం ఎలా వచ్చింది? ఇది ఏ భాష మాట? (డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్)

ఈ మాట స్నానంలో పుట్టిందమ్మా. స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలో ‘బద’ అంటే స్నానం చేయించడం. ఇక్కడి ‘ద’ని ‘ఫాదర్’ అనేటప్పుడు ఇంగ్లీషువాళ్లు పలికే మెత్తటి ధ్వనిలా పలకాలి. ఆ క్రియకు ‘స్క్’ చేరిస్తే ‘బదస్క్’, అంటే తానే స్నానం చేయడం. చివరనున్న ఈ ‘స్క్’ ఒకప్పుడు ‘సిక్’ అనే విడి మాట. ‘తనను’ అని దాని అర్థం. క్రియ వెనకాలే పలుకుతూ పలుకుతూ అరిగి, చివరికి క్రియకే అతుక్కుపోయింది. నేటి ఐస్లాండిక్‌లో అది ‘స్త్’గా, స్వీడిష్‌లో ఒక్క ‘స్’గా ఇంకా బతికే ఉంది.

తెలుగువాళ్లకు ఇది అర్థం చేసుకోవడం ఇంగ్లీషువాళ్లకన్నా తేలిక. మన ‘కొను’ చేసే పని సరిగ్గా ఇదే. తల దువ్వడం వేరు, తల దువ్వుకోవడం వేరు. పాలు కాచినప్పుడు వేడి పాలకు చేరుతుంది, చలి కాచుకున్నప్పుడు వేడి మన ఒంటికి చేరుతుంది. మన వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. రెండు భాషలకూ చుట్టరికమేమీ లేదు, ఇది పోలిక మాత్రమే. కానీ ఈ పోలికను మనసులో ఉంచుకుంటే బాస్క్ వాడుకలోని నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఆ మాటలో ‘కొను’ దాగి ఉంది. వేడి ఎప్పుడూ కర్తకే చేరాలి.

ఇది ఇంగ్లండుకు ఎలా చేరిందంటారా? 865లో డేన్ల (స్కాండినేవియాలోని డెన్మార్క్ వైపు వాళ్ల) పెద్ద సేన ఒకటి ఇంగ్లండులో దిగింది. మరుసటి ఏడాది యార్క్ నగరాన్ని పట్టుకుంది. ఆ తర్వాత ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్కాండినేవియా వాళ్లు ఊళ్లు కట్టుకుని, పొలాలు దున్నుకుని స్థిరపడ్డారు. పక్కపక్కన కాపురాలు చేసినవాళ్ల మధ్య ఇంటిమాటలు ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. అందుకే ఇంగ్లీషులో వాళ్ల నుంచి వచ్చినవి ఆస్థానపు మాటలు కావు: ఎగ్, స్కిన్, నైఫ్, విండో, టేక్, చివరికి ‘దే’ అనే సర్వనామం కూడా. బాస్క్ కూడా ఆ దారినే వచ్చింది. నోళ్లలో నలిగేసరికి నడుమ ఉన్న ‘ద’ జారిపోయి, రెండు అచ్చులు కలిసి ‘బాస్క్’ మిగిలింది.

కొన్ని నిఘంటువులు ఈ వ్యుత్పత్తికి ముందు ‘బహుశా’ అని చేరుస్తాయి. ఆ జాగ్రత్త సబబే. నార్స్ వాళ్లు వచ్చిన కాలానికీ, బాస్క్ మనకు రాతలో కనిపించే 14వ శతాబ్దానికీ మధ్య చాలా ఎడం ఉంది. అయినా మా దృష్టిలో ఈ వ్యుత్పత్తి గట్టిదే. సరిగ్గా ఇదే అచ్చులో పోసిన ఇంకో మాట దానికి తోడుగా ఉంది. నార్స్‌లో ‘బూ’ అంటే సిద్ధం చేయడం, ‘బూఅస్క్’ అంటే సిద్ధపడడం. అది ఇంగ్లీషులోకి ‘బస్క్’గా వచ్చింది. తయారవడం, ముస్తాబవడం అనే అర్థాల్లో స్కాట్లండు వైపు నిలిచింది. ఒకే తోకతో రెండు మాటలు ఒకే రకంగా కుదించుకుపోయాయంటే కాకతాళీయం అనలేం. వీధుల్లో పాడి డబ్బులడిగే ‘బస్కర్’ మాత్రం వేరే మూలం నుంచి వచ్చింది, దీంతో కలపకండి.

ఇంకో సంగతి. ‘స్క్’ ఉన్న మాటలన్నీ నార్స్‌వే అని కొందరు సూత్రం కట్టేస్తారు. స్కర్ట్, స్కై, స్కిన్‌లలో మొదట వచ్చే ‘స్క్’ విషయంలో ఆ సూత్రం చాలావరకు పనిచేస్తుంది. పాత ఇంగ్లీషులో ఆ ధ్వని ‘ష్’ అయిపోయింది కాబట్టే స్కర్ట్, షర్ట్ అనే జంట ఏర్పడింది. బాస్క్ చివరి ‘స్క్’ కథ వేరు. అది ధ్వని మార్పు వల్ల వచ్చింది కాదు, అతుక్కున్న సర్వనామం.

ప్రశ్న: బాస్క్‌కి మొదట ‘రక్తంలో పొర్లాడటం’ అనే అర్థం ఉండేదని చదివాను. నిజమేనా? నెత్తురెక్కడ, నీరెండ ఎక్కడ? (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

నిజమే మాష్టారూ. ఈ మాట చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం ఇదే.

ఇంగ్లీషు కవి జాన్ గోవర్ సుమారు 1390లో ‘కన్ఫెసియో అమాంటిస్’ అనే పెద్ద కథాకావ్యం పూర్తి చేశాడు. అందులో కానసీ అనే రాకుమారి కథ ఉంది. తండ్రి పంపిన కత్తితో ఆమె ప్రాణం తీసుకుంటుంది. ఒళ్లో ఉన్న పసిబిడ్డ కిందికి దొర్లి తల్లి నెత్తుటి మడుగులో పడతాడు. అప్పుడు గోవర్ రాసిన రెండు పాదాల భావం ఇది: నెత్తురు వేడిగా, వెచ్చగా ఉంది కాబట్టి బిడ్డ అందులోనే అటూ ఇటూ ‘బాస్క్’ అవుతున్నాడు. మూలంలో ఆయన వాడింది ‘బాస్కెత్ హిమ్’.

ఆ రెండు పాదాల్ని దగ్గరగా చూడండి. వాచ్యార్థం ఇంకా స్నానమే: ద్రవం ఉంది, ఒళ్లు అందులో మునిగి ఉంది. కానీ కవి కారణం కూడా చెబుతున్నాడు. ‘వెచ్చగా ఉంది కాబట్టి’ అంటున్నాడు. బిడ్డకు అది నెత్తురని తెలియదు, తల్లి పోయిందని తెలియదు. వెచ్చదనం ఒక్కటే తెలుసు. ఘోరమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. స్నానం నుంచి వెచ్చదనం వైపు అర్థం మళ్లడం ఇక్కడ మన కళ్లముందే జరుగుతోంది. ద్రవాన్ని తీసేసి వెచ్చదనాన్ని ఉంచితే నేటి బాస్క్ మిగులుతుంది.

ఎండతో ముడి స్పష్టంగా కనిపించేది షేక్‌స్పియర్‌లో. ‘యాజ్ యు లైక్ ఇట్’ నాటకాన్ని 1600 ప్రాంతంలో రాశాడు, 1623లో ‘ఫోలియో’ అనే ఆయన నాటకాల పెద్ద సంపుటిలో అచ్చయింది. అందులో జేక్విస్ అనే పాత్ర, అడవిలో తనకొక విదూషకుడు కనిపించాడనీ, వాడు పడుకుని ‘బాస్క్‌డ్ హిమ్ ఇన్ ద సన్’ అనీ చెబుతాడు. ఆ ‘హిమ్’ గమనించారా? గోవర్‌లోనూ ఉంది, ఇక్కడా ఉంది. ‘తనను’ అనే అర్థం మాట చివరి ‘స్క్’లో ముందే ఉంది కదా! కానీ అప్పటికే ఆ సంగతి ఇంగ్లీషువాళ్లు మరచిపోయారు. అందుకని మళ్లీ ‘హిమ్’ చేర్చుకున్నారు. తర్వాతి కాలంలో ఆ రెండో ‘తనను’ కూడా రాలిపోయి ‘హి బాస్క్‌డ్ ఇన్ ద సన్’ స్థిరపడింది.

మన చలిమంటకు దగ్గరి ఉదాహరణ కావాలంటే ఇంగ్లీషు కవి మిల్టన్‌ని చూడాలి. 1645లో అచ్చయిన ఆయన కవితల్లో ‘లలెగ్రో’ ఒకటి. అందులో ఇంటి పనిచేసే పిశాచం వస్తుంది. గిన్నెడు మీగడ కోసం, పదిమంది కూలీలు పగలంతా నూర్చినా తెమలని ధాన్యాన్ని రాత్రికి రాత్రే నూర్చి పెడుతుంది. తర్వాత పొయ్యి ముందు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కాళ్లు బారజాపుకుని, వెంట్రుకలు నిండిన తన బలాన్ని మంట దగ్గర ‘బాస్క్’ చేసుకుంటుందట. ఇక్కడ క్రియకు కర్మ ఉంది, మిల్టన్ దాన్ని సకర్మకంగా వాడాడు. ఈనాడు అలా రాస్తే తప్పుగా లెక్క.

ప్రశ్న: మా తొమ్మిదో తరగతి పిల్లలు ‘వియ్ బాస్క్‌డ్ ద సన్’, ‘ద వాటర్ ఈజ్ బాస్కింగ్’ అని రాస్తున్నారు. తప్పని చెబితే ఎందుకని అడుగుతున్నారు. సూటిగా ఎలా చెప్పాలి? (ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, కర్నూలు)

పిల్లల తప్పుకు కారణం వాళ్ల తెలుగులో ఉంది మేడమ్, దాన్ని చూపిస్తే చాలు. ‘కాగు’ అనే ఒకే మాట మనకు రెండు పనులు చేస్తుంది. నీళ్లు కాగుతాయి, తాత ఎండ కాగుతాడు. ఇంగ్లీషులో నీళ్లకు ‘హీట్’, తాతకు ‘బాస్క్’. నీళ్లకు హాయి తెలియదు కాబట్టి అవి బాస్క్ కాలేవు. ఇక ‘ద సన్’ని నేరుగా కర్మగా పెట్టడం ‘ఎండ కాగడం’లోని ఎండను యథాతథంగా ఎత్తి రాయడం వల్ల వస్తోంది. ఇంగ్లీషులో మధ్యలో ‘ఇన్’ తప్పనిసరి. స్నానం నీళ్లలో చేస్తాం కదా, ఆ ‘లో’ ఇంకా పోలేదని చెబితే పిల్లలు మరచిపోరు.

వాక్యం రాశాక వరసగా నాలుగు ప్రశ్నలు వేయించండి. వేడి ఎవరికి చేరుతోంది? కర్తకే చేరాలి. అందుకే ‘ఐ బాస్క్‌డ్ ద చిల్లీస్’ తప్పు. మిరపకాయలు, వడియాలు ఎండబెట్టడానికి ‘డ్రై ఇన్ ద సన్’ వాడాలి. ఆ వేడి హాయిగా ఉందా? మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో బస్సు కోసం నిలబడ్డవాడు బాస్క్ కాడు, వాడికి ‘స్వెల్టర్’ అనే మాట ఉంది. కాస్త సేపు నిలిచి అనుభవిస్తున్నాడా? వరండాలోంచి వంటింట్లోకి వెళ్తూ ఎండపొడ దాటితే బాస్క్ అనరు. చివరిగా, ‘ఇన్’ పడిందా? నాలుగింటికీ జవాబు సరిపోతే వాక్యం నిలుస్తుంది.

విభక్తి దగ్గర ఒక్క మెలిక ఉంది. వేడిమికి ‘ఇన్’, చోటుకు మామూలు విభక్తులు. ‘బాస్కింగ్ ఆన్ ఎ రాక్’, ‘బాస్కింగ్ బై ద ఫైర్’ రెండూ ఒప్పే, ఎందుకంటే రాయీ, పొయ్యి పక్కా చోట్లు. ‘అండర్ ద సన్’ అని రాసేవాళ్లున్నారు కానీ పరీక్షలో ‘ఇన్’ రాయించడమే మేలు.

ప్రాణం లేని కర్త అసలు కుదరదా అని చురుకైన పిల్ల ఎవరైనా అడగవచ్చు. ‘ద విలేజ్ బాస్క్‌డ్ ఇన్ ద వింటర్ సన్‌షైన్’ అని రచయితలు రాస్తారు, అది చక్కటి వాక్యమే. ఊరికి ప్రాణం పోసి చెబుతున్నారు. చెంబెడు నీళ్లకు ఆ గౌరవం దక్కదు.

ప్రశ్న: పత్రికలో అనువాదాలు చేస్తుంటాను. ‘బాస్కింగ్ ఇన్ గ్లోరీ’ అని వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగిపోతుంది. ‘కీర్తిలో చలి కాచుకుంటున్నారు’ అంటే బాగుంటుందా? (ఉపసంపాదకుడు, విజయవాడ)

దయచేసి అలా రాయకండి. తెలుగులో చలి కాచుకోవడానికి అలంకారికంగా చెడ్డ అర్థం స్థిరపడిపోయింది. ‘మంటలు రేపి చలి కాచుకుంటున్నారు’ అంటే ఇతరుల గొడవల్లో లాభం చూసుకుంటున్నారని. కప్పు గెలిచిన జట్టు గురించి మీరు అలా రాస్తే పాఠకుడు దొంగ ఎక్కడున్నాడా అని వెతుకుతాడు. అభిధలో, అంటే నేరు అర్థంలో సరిపోయిన మాట లక్షణలో, అంటే అలంకారిక అర్థంలో ఎదురు తిరిగే సందర్భాల్లో ఇదొకటి.

ఎవరి గెలుపు, ఎవరి వెలుగు అన్నది చూసి మాట ఎంచుకోవాలి. తన గెలుపు తానే అనుభవిస్తుంటే ‘విజయానందంలో తేలిపోతున్నారు’, ‘గెలుపు సంబరంలో ఉన్నారు’ సరిపోతాయి. ‘విజయగర్వం’ వద్దు, ఇంగ్లీషులో లేని నిష్ఠూరం అందులో ఉంది. పొగడ్తల విషయంలో ‘ప్రశంసల జల్లులో తడిసి ముద్దవుతున్నారు’ అని మనం ఎప్పటినుంచో రాస్తున్నాం. అది బాస్క్‌కి మంచి అనువాదం. వేడి పోయి తడి వచ్చినా ఒళ్లంతా తడవడం, హాయిగా ఉండిపోవడం అనే రెండూ అందులో ఉన్నాయి. పైగా అసలు మాట స్నానమే కదా.

‘బాస్కింగ్ ఇన్ రిఫ్లెక్టెడ్ గ్లోరీ’ సంగతి వేరు. ఇతరుల గొప్పతనంలో తానూ వెలగడం అది. రాబర్ట్ చాల్డీని బృందం 1976లో ఈ పేరుతోనే ఒక పరిశోధన ప్రచురించాక మనస్తత్వశాస్త్రంలో ఇది పారిభాషిక పదమైంది. అమెరికాలోని ఏడు విశ్వవిద్యాలయాల్లో వాళ్లు చూసింది ఇది: తమ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే, సోమవారం విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువవుతారు. గెలిచిన ఆట గురించి చెప్పేటప్పుడు ‘మేం’ అంటారు, ఓడితే ఆ ‘మేం’ తగ్గిపోతుంది. క్రికెట్ చూసే ఏ ఇంట్లోనైనా ఇది వినిపిస్తుంది. శాస్త్రవ్యాసంలో ‘పరకీర్తిలో వెలగడం’ అని నిలకడగా వాడండి. మామూలు వార్తలోనో వ్యాఖ్యలోనో అయితే, వంశం పేరు చెప్పుకునే సందర్భం వస్తే, ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అనే సామెత ఉండనే ఉంది. సామెతలో ఎత్తిపొడుపు ఉంది, ఇంగ్లీషు మాటలో అది సందర్భాన్ని బట్టి మాత్రమే వస్తుంది. కాబట్టి మూలంలో ఎత్తిపొడుపు ఉందని నిర్ధారించుకున్నాకే సామెత వేయండి.

మీలాంటి వాళ్లకు ఇంకో హెచ్చరిక. ‘బ్రిటన్ బాస్క్స్ ఇన్ 30 డిగ్రీస్’ వంటి శీర్షికలు అక్కడి పత్రికల్లో వేసవి వస్తే మామూలు. చలి దేశంలో ఆ ఎండ పండగ. దాన్ని ‘ఎండల్లో అల్లాడుతున్న బ్రిటన్’ అని దించితే వార్త తలకిందులవుతుంది. ‘ఎండను ఆస్వాదిస్తున్న బ్రిటన్’ అనాలి.

ప్రశ్న: చలికాలపు ఎండలోని వెచ్చదనానికి ‘ఆప్రిసిటీ’ అనే ఇంగ్లీషు మాట ఉందని సోషల్ మీడియాలో తిరుగుతోంది. నిజమైన మాటేనా, ఎవరైనా కల్పించారా? ఆప్రికాట్ పండుకు సంబంధం ఉందా? (పాఠకురాలు, మినియాపొలిస్, అమెరికా)

నిజమైన మాటేనండి, కానీ వాడుకలో బతికిన మాట కాదు. హెన్రీ కాకరమ్ 1623లో తెచ్చిన ఇంగ్లీషు నిఘంటువులో ‘ఆప్రిసిటీ’కి ‘శీతకాలంలో సూర్యుడి వెచ్చదనం’ అని అర్థం ఇచ్చాడు. షేక్‌స్పియర్ ఫోలియో అచ్చయిందీ ఆ ఏడాదే. అప్పట్లో ‘కష్టమైన మాటల’ నిఘంటువులు తయారుచేసేవాళ్లు లాటిన్ మాటలకు ఇంగ్లీషు తొడుగులు తొడిగి చేర్చడం మామూలు. వాటిలో చాలా మాటలు నిఘంటువు దాటి బయటికి రాలేదు. ఇదీ అలాంటిదే.

దీని మూలం లాటిన్ ‘అప్రికుస్’, ఎండ పడే చోటు అని. దాన్నుంచే ‘అప్రికారీ’ అనే క్రియ ఉంది, ఎండ కాచుకోవడం అని అర్థం. ఇంగ్లీషులో 17వ శతాబ్దంలో దాన్ని ‘ఆప్రికేట్’ అని తెచ్చుకున్నారు. అంటే బాస్క్‌కి ఒక పండితపు జోడీ తయారైంది. ఇంగ్లీషు జనం మాత్రం నార్స్ మాటనే ఉంచుకున్నారు. నాలుగు అక్షరాల మాట నోట్లో ఉండగా ఆప్రికేట్ ఎవరికి కావాలి? మీరు వాడదలిస్తే కవితలోనో ఉత్తరంలోనో వాడండి, ఆఫీసు మెయిల్లో వద్దు. చదివేవాళ్లు ఆప్రికాట్ అనుకుంటారు.

పండు విషయానికొస్తే, అది వేరే దారి. లాటిన్‌లో ‘ముందుగా పండేది’ అనే అర్థంలో ‘ప్రైకాక్స్’ ఉంది. అది గ్రీకు మీదుగా అరబ్బీకి వెళ్లి ‘అల్-బర్‌ఖూఖ్’ అయింది. అక్కడి నుంచి స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల భాషల్లోకి తిరిగొచ్చి ఇంగ్లీషుకు చేరేసరికి ‘అబ్రికాక్’. తర్వాత ‘బ’ ఉన్న చోట ‘ప’ రావడానికి, ‘ఎండలో పండినది’ అనే తప్పుడు వ్యుత్పత్తి కొంత కారణమై ఉండవచ్చని భాషావేత్తలు అంటారు. 1617లో మిన్షూ అనే నిఘంటుకారుడు ఆ తప్పుడు వ్యుత్పత్తినే ఇచ్చాడు కూడా. మూలంలో చుట్టరికం లేదు, వర్ణక్రమంలో మాత్రం ఆ ఎండ నీడ పడింది.

తెలుగులో దీనికి మాట కావాలంటే నీరెండ ఉంది. పొద్దున, సాయంత్రం పడే మెత్తటి ఎండ అది. ఆప్రిసిటీ కాలాన్ని చెబుతుంది, నీరెండ వేళను చెబుతుంది. డిసెంబరులో లంబసింగిలో మంచు విడిచాక ఒంటిని తాకే మొదటి ఎండకు రెండూ సరిపోతాయి. ఎర్రటెండ, మండుటెండ, మాడు పగిలే ఎండ అని వేడికి ఇన్ని మెట్లు పెట్టుకున్న మనం, హాయినిచ్చే ఎండకూ లేతెండ, నీరెండ అని పేర్లు పెట్టుకున్నాం. మీ పిల్లలకు ఆప్రిసిటీకన్నా ముందు ఈ రెండూ నేర్పండి.

ప్రశ్న: బాత్, బేక్, బాస్క్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చాయా? (ఇంటర్ విద్యార్థి, ఖమ్మం)

బాత్, బాస్క్ మాత్రం ఖాయంగా ఒకే ఇంటివి. ఇంగ్లీషు ‘బేద్’ అనే క్రియ, నార్స్ ‘బద’ అన్నదమ్ముల్లాంటివి, రెండూ ఇంగ్లీషు, జర్మన్, స్కాండినేవియా భాషలున్న జర్మానిక్ శాఖవే. ఒకే క్రియ సొంత దారిలో వచ్చి ‘బేద్’గా మిగిలింది, నార్స్ దారిలో వచ్చి ‘బాస్క్’ అయింది.

ఇంకా వెనక్కి వెళితే అసలు రహస్యం బయటపడుతుంది. ఆ జర్మానిక్ మాటకు, ఐరోపా, ఉత్తర భారత భాషల్లో చాలావాటికి మూలమైన ఇండో-యూరోపియన్‌లో భాషావేత్తలు పునర్నిర్మించిన ధాతువుకు ‘వేడి చేయు’ అని అర్థం. అంటే బాత్‌లో ముఖ్యం నీళ్లకన్నా వేడి. దీనికి సాక్ష్యంగా జర్మన్‌లో ‘బేయెన్’ అనే క్రియ ఉంది. నొప్పి ఉన్నచోట వేడి గుడ్డతో కాపడం పెట్టడం, రొట్టెను సెగకు కాల్చడం దాని అర్థాలు. నీళ్లలో కొన్నాళ్లు మునిగిన మాట ఎండలో తేలి, తన పాత వేడినే తిరిగి చేరుకుందన్నమాట. మన ‘కాపడం’ కూడా కాచు, కాగు వరసలోదే కదా!

బేక్‌ని కూడా అదే ధాతువుకు పొడిగింపుగా కొందరు కలుపుతారు. ఆ లంకె బాత్–బాస్క్‌ల లంకె అంత గట్టిది కాదు. పరీక్షలో రాయాల్సి వస్తే మొదటి రెండే రాయండి.

ప్రశ్న: బాస్కింగ్ షార్క్ నిజంగా ఎండ కాచుకుంటుందా? మొసళ్లు నోరు తెరిచి పడుకోవడం కూడా బాస్కింగేనా? (జీవశాస్త్రం అధ్యాపకుడు, సంగారెడ్డి)

సొరచేపది ఎండ కాగడం కాదు, భోజనం. దీని శాస్త్రీయ నామం ‘సెటోరైనస్ మాక్సిమస్’. వేల్ షార్క్ తర్వాత ప్రపంచంలో రెండో పెద్ద చేప ఇదే. పెద్దవి సాధారణంగా 6 నుంచి 8 మీటర్ల దాకా ఉంటాయి, అంతకన్నా పెద్దవీ ఉన్నాయి. ఐర్లండు, స్కాట్లండు వంటి చోట్ల వేసవిలో ఇవి నీటిపైకి వచ్చి, వీపు మీది రెక్కా, తోక కొసా బయట పెట్టుకుని నింపాదిగా కదులుతుంటాయి. పడవ మీంచి చూసినవాళ్లకు ఎండకు సేదతీరుతున్నట్టు అనిపించింది, ఆ పేరే నిలిచింది. నిజానికి ఆ సమయంలో దాని నోరు బార్లా తెరిచి ఉంటుంది. నోట్లోకి వచ్చిన నీరు మొప్పల చీలికల గుండా బయటికి పోతుంటే, మొప్పల దగ్గరి దువ్వెన పళ్లలాంటి భాగాలు సూక్ష్మజీవుల్ని వడకట్టి పట్టుకుంటాయి. ప్లాంక్టన్ అనే ఆ జీవులు నీటి పైపొరలో దట్టంగా ఉన్నప్పుడు సొర కూడా పైకే వస్తుంది. విశాఖ తీరంలో అప్పుడప్పుడు మత్స్యకారులకు కనిపించే చుక్కల చేప ఇది కాదు, అది వేల్ షార్క్. రెండింటినీ కలిపి రాసే పొరపాటు తరగతి నోట్సుల్లో తరచు దొర్లుతుంది.

మొసళ్లది మాత్రం అసలైన బాస్కింగ్. మీ దగ్గరి మంజీర అభయారణ్యంలో మగ్గర్ మొసళ్లు పొద్దున్నే రాతి దిబ్బల మీదికి ఎక్కి పడుకుంటాయి. ఒంట్లో తగినంత వేడి తయారుచేసుకోలేని జంతువులు బయటినుంచి తెచ్చుకోవాలి. ఆ వేడి చాలకపోతే కండరాలు చురుగ్గా కదలవు, తిన్నది సరిగా అరగదు. అందుకే చలికాలంలో గట్టు మీద ఎక్కువసేపు కనిపిస్తాయి. కావలసినంత వేడెక్కాక నీళ్లలోకో నీడలోకో జారుకుంటాయి. నోరు తెరవడానికి ఒక కారణం దీనికి ఎదురుది: నోటి లోపలి తడి ఆవిరై తల మరీ వేడెక్కకుండా చూస్తుంది. ఒళ్లు కాగుతుంటే తల చల్లబడుతోందన్నమాట. అయితే ఎండ లేనప్పుడు కూడా మొసళ్లు నోరు తెరుచుకుని కనిపిస్తాయి కాబట్టి అదొక్కటే కారణమని బోర్డు మీద రాయకండి.

ప్రయోగం చూపించాలంటే మొసళ్ల దాకా పోనక్కర్లేదు, కాలేజీ ప్రహరీ మీది తొండ చాలు. పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య చూడమనండి. ఒళ్లు పలచగా చదును చేసి, వీపును సూర్యుడికి ఎదురుగా తిప్పి పెడుతుంది. ఎక్కువ చర్మానికి ఎక్కువ ఎండ తగలాలని ఆ ఏర్పాటు. పదకొండు తర్వాత అదే తొండ నీడలో ఉంటుంది, లేదా గోడకు ఒళ్లు తగలకుండా కాళ్ల మీద లేచి నిలబడుతుంది. గంటకోసారి చోటు, భంగిమ, ఎండా నీడా రాసుకుంటే విద్యార్థులకు ఒక రోజులో చక్కటి పట్టిక తయారవుతుంది. మధ్యలో తల ఊపితే దాన్ని ఈ లెక్కలో వేయవద్దు, అది మరో తొండకు ఇచ్చే సంకేతం. ‘శీతల రక్త జంతువు’ అనే పాఠ్యపుస్తకపు మాట ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఎండ కాగిన తొండ నెత్తురు చల్లగా ఉండదు. బయటి వేడి మీద ఆధారపడే జంతువు అని చెప్పడం మేలు.

ప్రశ్న: పలకడం ‘బాస్క్’ అనా, ‘బ్యాస్క్’ అనా? బాస్కెట్‌కీ, స్పెయిన్‌లోని బాస్క్ జాతికీ దీంతో సంబంధం ఉందా? (పాఠకుడు, శ్రీకాకుళం)

దక్షిణ ఇంగ్లండు ఉచ్చారణలో ‘బాస్క్’, అమెరికాలో ‘బ్యాస్క్’. రెండూ సరైనవే. ఒకే సంభాషణలో రెండూ కలపకుండా ఉంటే చాలు. ‘లాస్ట్’ అనేవాళ్లు ‘బాస్క్’ అంటారు, ‘ల్యాస్ట్’ అనేవాళ్లు ‘బ్యాస్క్’ అంటారు. భూతకాలం ‘బాస్క్‌డ్’ అని రాసినా పలికేటప్పుడు చివర ‘ట్’ వినిపిస్తుంది.

బాస్కెట్ పాత ఫ్రెంచి వైపు నుంచి వచ్చింది, దాని అసలు మూలం తేలలేదు. బాస్క్ జాతి పేరు లాటిన్‌లో ‘వాస్కోనెస్’ అని పిలిచిన ప్రాచీన తెగ నుంచి వచ్చింది, వర్ణక్రమం కూడా వేరు. మూడింటికీ సంబంధం లేదు.